అందరూ నూరంటే నూరేనా?

పిల్లలూ! నీరు ఎన్ని డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది? "నూరు!" అని మీరంతా ఒక్క గొంతుతో అనేస్తారు కదూ? కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులో నా తొమ్మిదో తరగతి పిల్లలూ అలాగే అన్నారు.

ఆ రోజు ప్రయోగశాలలో జట్లుగా నీళ్ళు మరిగించి, థర్మామీటరు చూసి రికార్డులో రాయమన్నాను. 40 మందిలో 39 మంది 100 అని రాశారు. ఒక్క అమ్మాయి మాత్రం 98 అని రాసింది. నేను ఆలోచించకుండా ఎర్రసిరాతో కొట్టేశాను. ఆమె మెల్లగా లేచి, "సార్, ఒక్కసారి మీరే వచ్చి చూడండి" అంది.

వెళ్ళి చూశాను. పాదరసం 98 దగ్గరే నిలిచి ఉంది! థర్మామీటరులో లోపమేమోనని మరొకటి పెట్టాం. అదీ అక్కడే ఆగింది. అప్పుడు ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. "మాకూ 98 వచ్చింది సార్, తప్పేమోనని 100 రాశాం."

98 ఎందుకు?

నీటి ఆవిరి పీడనం వాతావరణ పీడనంతో సమానమైనప్పుడు నీరు మరుగుతుంది. సముద్రమట్టం వద్ద ఇది 100 డిగ్రీలకు జరుగుతుంది. హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ వాతావరణ పీడనం తగ్గుతుంది. అందుచేత సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. పుస్తకం అబద్ధం చెప్పలేదు. "సముద్రమట్టం వద్ద" అనే మాటను మేమే మరిచిపోయాం.

మరి మిగతావారి కళ్ళకు ఏమైంది?

ఏమీ కాలేదు. కళ్ళు చూసినదాన్ని నోరు చెప్పలేకపోయింది, అంతే. 1950 దశకంలో అమెరికాలో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనినే పరీక్షించాడు. ఒక కార్డు మీద ఒక గీత, మరొక దాని మీద మూడు గీతలు. ఆ మూడింటిలో ఏది మొదటి గీతతో సమానమో చెప్పాలి. చంటిపిల్లలైనా చెప్పగలరు! కాని గదిలో ఒక్క విద్యార్థి తప్ప మిగిలినవారంతా యాష్ మనుషులే. వారు ముందే అనుకున్న ప్రకారం కలిసి తప్పు చెప్పేవారు. అలాంటి సందర్భాలలో నూటికి సుమారు 37 జవాబులు గుంపును అనుసరించి తప్పుగా వచ్చాయి. తమ కళ్ళే మోసం చేశాయని కొందరు అనుకున్నారు. నలుగురిలో వేరుగా కనబడటానికి మరికొందరు జంకారు.

అయినా నాలుగోవంతు మంది ఒక్కసారి కూడా గుంపు మాట వినలేదు. మరో విశేషం ఏమిటంటే, గుంపులో ఒక్కరు నిజం చెప్పినా చాలు, ఆ తప్పులు నాలుగోవంతుకు పడిపోయాయి. మా తరగతిలో చేతులు ఎందుకు లేచాయో ఇప్పుడు తెలిసిందా?

మొండితనం కాదు

సొంతంగా ఆలోచించడమంటే అందరినీ కాదనడం కాదు. రెండో థర్మామీటరు 100 చూపి ఉంటే, ఆ అమ్మాయి తన థర్మామీటరునే అనుమానించాల్సి వచ్చేది. గుంపు మాటనైనా, మన మాటనైనా పరీక్షకు పెట్టాల్సిందే. సెల్‌ఫోనులో వచ్చే వదంతికైనా, "అందరూ ఆ కోర్సే తీసుకుంటున్నారు" అనే మాటకైనా ఇదే కొలత.

ఈసారి ప్రయోగం చేసినప్పుడు పక్కవారి రికార్డు చూడకముందే మీ అంకెను చీటీ మీద రాసుకోండి. తరువాత పోల్చండి. తేడా వస్తే దాచకండి, మళ్ళీ కొలవండి.

అన్నట్టు, ఆ ఎర్రగీతను నేనే కొట్టివేసి, పక్కన "98 సరైనదే" అని రాసి సంతకం చేశాను.