బిగిసిన పై పెదవి

ఆంగ్లభాషలో కష్టకాలమున ధైర్యము చెప్పుటకు వాడు మాట యొకటి కలదు: 'కీప్ ఎ స్టిఫ్ అప్పర్ లిప్'. పై పెదవిని బిగించి యుంచుమని దీనికి మక్కికి మక్కిగా అర్థము. దుఃఖము గాని భయము గాని పొంగివచ్చినపుడు పెదవులు వణకును గదా. ఆ వణకు పైకి కనబడనీయక నిబ్బరముగా నుండుమని తాత్పర్యము. నిజమునకు ముందుగా వణకునది క్రింది పెదవి. ఏడువబోవు పసిబిడ్డను చూచిన ఏ తల్లియైనను ఈ సంగతి చెప్పగలదు. అయినను నుడికారము పై పెదవినే పట్టుకొన్నది. నుడికారములు శరీరశాస్త్రము నడిగి పుట్టవు!

ఈ మాట వినగానే మనకు ఆంగ్లేయులు జ్ఞప్తికి వత్తురు. కాని యిది మొదట కానవచ్చినది ఇంగ్లండులో గాదు, అమెరికాలో. మనకు తెలిసిన ప్రయోగములలో ప్రాచీనమైనది 1815 జూనులో మాసచుసెట్సు వార్తాపత్రిక యొకదానిలో నున్నది. అందు దీనిని పలికినవాడు యుద్ధవీరుడు గాడు. సరకులమ్ముకొనుటకు లైసెన్సు కొనవలసివచ్చిన వ్యాపారి.

1852లో పుస్తకరూపమున వెలువడిన హారియెట్ బీచర్ స్టో నవల 'అంకుల్ టామ్స్ కాబిన్'లో ఈ మాట మరల వినబడును. అప్పుల బాధచే యజమాని టాము అను బానిసను అమ్మివేసెను. కొన్న వర్తకుడు సంకెళ్లు తగిలించి తీసికొనిపోవుచుండగా, యజమాని కుమారుడు, పదమూడేండ్ల జార్జి, గుఱ్ఱముపై వెంబడించి వచ్చి, టాము మెడలో డాలరు నాణెమొకటి కట్టి, వీడ్కోలు చెప్పుచు ఈ మాటయే పలుకును. పిల్లవాని ప్రేమ నిజమైనదే. కాని ఆలుబిడ్డలను విడిచి పోవువాడు టాము. ఇంటికి మరలిపోవువాడు జార్జి. ఎవరు ఎవరితో చెప్పుచున్నారో చూడక ఈ నుడికారమున కర్థము చెప్పుట చాలదని నా తలంపు.

అట్లాంటిక్కు దాటిన పిదప ఈ మాట కాలక్రమమున ఆంగ్లజాతి గుణమునకే పేరైనది. తుదకు హాస్యరచయిత పి. జి. ఉడ్‌హౌస్ 1963లో తన నవల యొకదాని పేరులో దీనిని చేర్చెను.

తెనుగున దీనికి సాటియేది? 'గుండె దిటవు చేసికొనుట' లోపలి సంగతి. గుండె నిజముగా గట్టిపడవలెను. ఆంగ్లపు మాట అంత దూరము పోదు, పెదవి కదలకున్న చాలునను నంతే. 'పంటి బిగువున ఓర్చుకొనుట' దీనికి దగ్గఱి చుట్టము. అయినను పంటి బిగువనగానే నొప్పి యున్నదని వినువారికి తెలిసిపోవును. పై పెదవి ఆ నొప్పినే దాచును. కనుక అనువాదకులకు ఒక్క మాటతో పని తీరదు. జార్జి నోట 'గుండె దిటవు చేసికొమ్ము' అనవచ్చును. ఆ పిల్లవాడు కోరినది అదియే. లైసెన్సు కొన్న వ్యాపారికి మాత్రము పంటి బిగువే సరిపోవును.