ఐదు తెడ్లు... ఒకటే పడవ

ఆదివారం తెల్లవారింది. ఇంట్లో అందరూ ఇంకా దుప్పట్లోనే ఉన్నారు. ఒక్కడు మాత్రం యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, బూట్లకు పాలిష్ కొట్టి, బెల్టు బిగించుకుంటున్నాడు. 'సెలవురోజు కూడా ఈ పరేడేంట్రా' అని అమ్మ విసుక్కుంటుంది. 'దానివల్ల ఏమొస్తుంది?' అని నాన్న అడుగుతాడు. తుమ్మపాలలోనైనా, పక్కనే ఉన్న అనకాపల్లిలోనైనా... ఎన్‌సీసీలో చేరిన పిల్లలున్న ఇళ్లలో మామూలే ఈ మాటలు. ఏమొస్తుందో తెలియాలంటే ఆ పిల్లల్ని పోటీలో చూడాలి. అదీ నీళ్ల మీద!

ఇటు మూడు... అటు రెండు

ఎన్‌సీసీ నౌకా విభాగం క్యాడెట్లకు ఏటా జరిగే జాతీయస్థాయి పోటీల పండుగ 'ఆలిండియా నౌ సైనిక్ క్యాంపు'. తుమ్మపాల నుంచి గంటా గంటన్నర ప్రయాణమంత దూరంలో ఉన్న విశాఖపట్నమే చాలా ఏళ్లు దానికి వేదిక. తర్వాత కార్వార్, లోనావాలాల్లోనూ నిర్వహించారు. దేశంలోని 17 డైరెక్టరేట్ల నుంచి వచ్చిన అబ్బాయిలూ అమ్మాయిలూ తెరచాప పడవలు నడపడం, షూటింగ్, డ్రిల్లు, జెండాలతో సంకేతాలు పంపడం, ఓడల నమూనాలు తయారుచేయడం లాంటి అంశాల్లో తలపడతారు. అన్నింట్లోకీ ఒళ్లు హూనం చేసేది బోట్ పుల్లింగ్.

ఈ పందెంలో వాడే వేలర్ అనే పడవ పొడవు 27 అడుగులు. తెడ్లు ఐదు. అంటే ఒకవైపు మూడు, రెండోవైపు రెండు. రెండు వైపులా బలం సరితూగకపోతే పడవ పక్కకు తిరిగిపోతుంది. చుక్కానితో సరిదిద్దొచ్చు కానీ అలా తిప్పిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది. పైగా తెడ్లు వేసేవాళ్లంతా వెళ్లాల్సిన దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. ముందేముందో కనిపించేది చుక్కాని పట్టిన కాక్స్‌వైన్ ఒక్కడికే. అతడి కేకను నమ్మి ఐదుగురూ ఒకే క్షణంలో తెడ్డు ముంచాలి, ఒకే క్షణంలో ఎత్తాలి. ఒకడు తన కండబలమంతా చూపించినా లాభం లేదు. మిగతా నలుగురితో లయ కలవకపోతే ఆ బలమే పడవకు భారం!

నిన్నటి ప్రత్యర్థే నేటి జోడీ

ఆ పడవ దాకా రావడం మాటలు కాదు. ముందు కాలేజీలో, తర్వాత యూనిట్‌లో ఎంపిక. ఆపైన విశాఖపట్నం, కాకినాడ, గుంటూరు, తిరుపతి లాంటి గ్రూపుల మధ్య పోటీ. అందులో మెరిసినవాళ్లతో డైరెక్టరేట్ జట్టు తయారవుతుంది. నిన్నటిదాకా 'కాకినాడ వాళ్లను ఓడించాలి' అన్న విశాఖ కుర్రాడు ఆ కాకినాడ కుర్రాడి పక్కనే కూర్చుని తెడ్డు వేయాల్సి వస్తుంది. 2014లో రాష్ట్రం రెండైన తర్వాత కూడా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ క్యాడెట్లు ఒకే డైరెక్టరేట్ తరఫున బరిలోకి దిగారు.

ఢిల్లీ రిపబ్లిక్‌డే క్యాంపుకైతే వడపోత ఇంకా కఠినం. దేశం మొత్తంమీద దాదాపు 17 లక్షల మంది క్యాడెట్లుంటే 2025 క్యాంపుకి వెళ్లింది 2,361 మంది. వారిలో 917 మంది అమ్మాయిలు. అక్కడా పాయింట్లన్నీ డైరెక్టరేట్ ఖాతాలోకే వెళతాయి. అన్నింటా ముందున్న డైరెక్టరేట్‌కి ప్రధానమంత్రి బ్యానర్ దక్కుతుంది.

ఆఫీసర్ కల పాతదే

కాలేజీ కుర్రాళ్లకు సైనిక శిక్షణ ఇవ్వడం మన దేశంలో 1917లో కలకత్తాలో మొదలైంది. 1920లో అది యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అయింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942లో పేరులో 'ఆఫీసర్స్' చేరింది. స్వాతంత్ర్యం వచ్చాక హృదయనాథ్ కుంజ్రూ కమిటీ సిఫార్సులతో 1948లో ఎన్‌సీసీ పుట్టింది. మరుసటి ఏడాదే అమ్మాయిలకూ తలుపులు తెరిచింది. 1952లో నౌకా విభాగం వచ్చింది. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీల్లో ఎన్‌సీసీని తప్పనిసరి చేసినా, 1968 నుంచి మళ్లీ ఇష్టమున్నవాళ్లకే పరిమితం చేశారు.

మరి నాన్న ప్రశ్నకు జవాబు? 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే సైన్యంలో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి రాతపరీక్ష లేకుండానే దరఖాస్తు చేసుకోవచ్చు. అలాగని ఉద్యోగం చేతికొచ్చినట్టు కాదు. వడపోత దాటాలి, ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ నెగ్గాలి, వైద్య పరీక్షల్లో నిలవాలి. అన్నిటికన్నా ముందు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే 75 శాతం హాజరుండాలి. ఆదివారం దుప్పటి వదలాల్సింది అందుకే!

తుమ్మపాలంటే చెరకు తోటలు, సహకార చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తాయి. ఆ ఫ్యాక్టరీలో గానుగ ఆగిపోయింది. చెరకు పండించే ఇంటి పిల్లలు ఇంకో దారి వెతుక్కోవాల్సిన కాలమిది. అలాంటి చోట ఓ యూనిఫాం చూపించే దారి చిన్నదేం కాదు. పతకం అందరికీ రాదు. డైరెక్టరేట్ జట్టులో చోటూ అందరికీ దొరకదు. అయినా గ్రూపు పోటీల్లో ఓడి ఇంటికొచ్చిన కుర్రాడు తర్వాతి ఆదివారం మళ్లీ బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడంటే, పక్కవాడితో కలిసి నడవడం అతడికి వచ్చినట్టే.

ఏటా నవంబరు నాలుగో ఆదివారం ఎన్‌సీసీ దినోత్సవం. ఈసారి ఆ రోజు మీ అబ్బాయో అమ్మాయో పరేడ్‌కి బయల్దేరితే ఏమొస్తుందని అడగొద్దు. కుదిరితే వెంట వెళ్లి, ఓ పక్కన నిలబడి చూసి రండి.