పడవబండికి బ్రేకు

అమెరికాలో సరస్సుల చెంత నివసించేవారు పడవను ట్రెయిలరుపై నిలిపి, కారు వెనుక తగిలించి ఒడ్డుకు చేరుస్తారు. ఇటువంటి ట్రెయిలర్లలో అనేకం సర్జ్ బ్రేకు గలవి. దీనిని తొక్కేవారెవరూ ఉండరు. ముందున్న కారు నెమ్మదించగానే వెనుక బరువు దానిని నెడుతుంది. ఆ నెట్టుడుకు కొక్కెం వద్దనున్న జారుడుభాగం కదిలి, ప్రధాన సిలిండరులోని ద్రవాన్ని ఒత్తుతుంది. బరువు తనకు తానే కళ్లెం వేసుకుంటుందన్నమాట.

ద్రవం నొక్కినా దాదాపు కుదించుకుపోదు. కనుక పాస్కల్ సూత్రం ప్రకారం ఆ ఒత్తిడి చక్రాలకు చేరుతుంది. గాలి అలా కాదు. గొట్టంలో బుడగ చేరితే ఒత్తిడి దానిని నొక్కడానికే వ్యయమవుతుంది; బ్రేకు పట్టదు. పల్లపుదారిలో పడవ బరువంతా కారుమీదికి వస్తుంది.

అందుకే గాలిని వెడలగొట్టాలి. ప్రధాన సిలిండరుకు మిక్కిలి దూరాననున్న చక్రంతో ప్రారంభించడం వాడుక. అక్కడ గాలి వదిలే మరకు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండవ కొసను బ్రేకు ద్రవమున్న సీసాలో ముంచుతారు. ఒకరు సిలిండరు కడ్డీని నొక్కి ఉంచగా మరొకరు మరను వదులు చేస్తారు, బుడగలు వెలువడతాయి. కడ్డీని విడవకముందే మర బిగించాలి. ఈ క్రమం తప్పితే గాలి తిరిగి లోపల ప్రవేశిస్తుంది. బుడగలు ఆగేవరకు ఇలా చేస్తూ, తొట్టిలో ద్రవం అడుగంటకుండా పోస్తుండాలి.

సీసాలోకి దిగిన ద్రవాన్ని పొదుపు పేరిట మళ్లీ పోయరాదు. డాట్ 3 రకం ద్రవం తేమను పీల్చుకుంటుంది. క్రొత్తదాని మరుగుస్థానం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలని అక్కడి ప్రమాణం. తేమ చేరినదానికి ఆ కనీసం 140 డిగ్రీలే. వేడెక్కిన బ్రేకులో ద్రవం మరిగి ఆవిరైతే, అదీ గాలిబుడగ చేసే కీడే చేస్తుంది. ఉప్పునీట దిగే ట్రెయిలర్లకు మర తుప్పుపట్టి బిగుసుకుపోవడం మరొక చిక్కు; బలవంతంగా తిప్పితే అది విరిగి లోపలే ఉండిపోతుంది.