గ్లూకోమీటరు – పొలం చేతుల పరీక్ష

తుమ్మలపల్లె అనగానే యురేనియం గని స్ఫురిస్తుంది. అయితే పులివెందుల చేరువలోని ఈ ప్రాంతం చీనీ, అరటి తోటలకూ నెలవు. ఇంట వాడే గ్లూకోమీటరు వాడుక సౌలభ్యాన్ని పరిశీలించడానికి ప్రయోగశాల కంటే ఇటువంటి చోటే మేలు.

పండు వలిచిన వేలిని కడగకుండా రక్తపు బొట్టు తీస్తే, చర్మానికి అంటిన చక్కెర కలిసి రీడింగు పెరుగుతుంది. 2011లో జపాను పరిశోధకులు దీనిని నిరూపించారు. స్పిరిటు దూదితో తుడిచినా దోషం పోలేదు. నీటితో కడిగినప్పుడే పోయింది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు పెంచితే ప్రాణాపాయమే. నీరు దొరకని పొలంగట్టున ఉన్నవారికి ‘చేతులు కడగండి’ అని కరపత్రంలో రాసి ఊరుకోవడం రూపకల్పన అనిపించుకోదు.

ఐఎస్‌ఓ 15197:2013 ప్రమాణం కనీసం 100 మంది సామాన్య వినియోగదారులతో పరీక్ష చేయించాలంటుంది. ఆ నూరుమంది ఎవరన్నదే అసలు ప్రశ్న. వేరుశనగ పీకి కాయలు కాచిన వేళ్లు, చత్వారం వచ్చిన కళ్లు, రక్తహీనత గల స్త్రీలు (హిమటోక్రిట్ తగ్గితే చాలా మీటర్లు ఎక్కువ చూపుతాయి) అందులో ఉన్నారా? పట్టీలను సాధారణంగా 30 డిగ్రీల లోపు నిల్వ చేయమంటారు. సీమ వేసవి 40 దాటుతుంది.

వరి ఆకు రంగు పట్టికను ఎండ పడకుండా దేహపు నీడలో చూడాలని మనం రైతుకు చేసి చూపుతాము. మీటరు పరిశీలన దీనికి విరుద్ధం. పరిశీలకుడు నోరు మెదపక, ఏ మెట్టు వద్ద చేయి తడబడుతున్నదో రాసుకోవాలి. సాయం చేసిన మరుక్షణం ఆ సమాచారం పనికిరాదు. నేర్పడమే వృత్తిగా గల మన విస్తరణ సిబ్బందికి ఇదే కష్టం.