సార్‌ని పంపించండి మేడమ్!

కారు కొనేటప్పుడు షోరూమ్ వాళ్లు చేసే మర్యాదలు మీలో చాలామందికి అనుభవమే అయ్యుంటాయి. ఎర్ర గుడ్డ కప్పిన కారు, దాని ముందు మనల్ని నిలబెట్టి ఫొటో, ఒక కేకు, చేతికో పూలగుత్తి. 2022 దసరాకి మా రాజమండ్రిలో మేం కారు తీసుకున్న రోజున మా అత్తయ్య చేత కొబ్బరికాయ కొట్టించారు. చక్రాల కింద నిమ్మకాయలు కూడా వాళ్లే పెట్టారు. "ఇవాళ్టి నుంచి మీరు మా ఫ్యామిలీ మేడమ్" అన్నాడు కారు అమ్మిన కుర్రాడు. ఆ మాట ఎంత నిజమో నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. కొన్ని ఇళ్లల్లో కోడలి మాటకి ఎంత విలువుంటుందో, ఆ షోరూమ్‌లో నా మాటకీ అంతే విలువ! (మా అత్తయ్య ఇది చదివి నొచ్చుకోకూడదు. ఆవిడ సంగతి వేరు, ముందు చెప్తాను.)

మా వారి ఉద్యోగం విజయనగరంలో. శనివారం రాత్రి వచ్చి ఆదివారం రాత్రి వెళ్లిపోతారు. పిల్లల చదువులు, అత్తయ్య కంటి ఆసుపత్రి, చుట్టాల పెళ్లిళ్లు... అన్నీ నా నెత్తినే. అందుకే ముప్పై నాలుగేళ్ల వయసులో పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను. కారు ఖరీదు 7 లక్షల 60 వేలు. నా గాజులు రెండు జతలు అమ్మి, ఉన్నదంతా ఊడ్చి, మిగిలింది బ్యాంకు అప్పు తెచ్చాం. నెల తిరిగేసరికి పదివేల పైచిలుకు వాయిదా కట్టాలి. కాబట్టి అది మాకు దర్జా కోసం కొన్న బండి కాదు.

2023 ఏప్రిల్ రెండో వారం. అత్తయ్యకి శుక్లం ఆపరేషన్ అయ్యాక చూపించడానికి కాలవ గట్టు రోడ్డు మీద కాకినాడ బయల్దేరాం. భోజనాలయ్యాక బయల్దేరామేమో, ఎండ నిప్పులు చెరుగుతోంది. కడియం, ద్వారపూడి, అనపర్తి దాటాం. బిక్కవోలు దగ్గరికి వచ్చేసరికి ఏ సూచనా లేకుండా ఇంజను ఆగిపోయింది. స్టీరింగు బండరాయిలా బిగుసుకుపోయింది. ఎలాగో పక్కకి లాగాను. తాళం ఎన్నిసార్లు తిప్పినా ఇంజను తిరుగుతుందే తప్ప అందుకోదు. కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న 72 ఏళ్ల పెద్దావిడని చెట్టు నీడన కూర్చోబెట్టి, చీర కొంగుతో విసురుతూ సహాయం నంబరుకి ఫోన్ చేస్తే, "గంటన్నరలో వస్తాం" అన్నారు. వాళ్లు రాకముందే, ఓ అరగంట తర్వాత, ఊరికే తాళం తిప్పితే బుద్ధిమంతురాలిలా స్టార్టయింది!

మర్నాడు పొద్దున్నే షోరూమ్‌కి తీసుకెళ్లాను. అక్కడ మన గోడు వినే అబ్బాయిని సర్వీస్ అడ్వైజర్ అంటారు. చెప్పిందంతా తలూపుతూ విని కంప్యూటర్లో ఏదో కొట్టుకున్నాడు. "పెట్రోలు కల్తీ మేడమ్, థ్రాటిల్ బాడీ క్లీన్ చేస్తే సరిపోతుంది" అన్నాడు. క్లీనింగ్ వారంటీలో రాదట. 1,850 రూపాయలు.

పది రోజులకి పెద్దాపురంలో పెళ్లికి వెళ్లి వస్తుంటే మళ్లీ ఆగింది. ఈసారి స్పార్క్ ప్లగ్గులు. అవీ వారంటీలో రావట. 2,240. మే నెలలో రాజానగరం దగ్గర హైవే మీద, వెనక లారీ హారన్ చెవులు బద్దలయ్యేలా మోగుతుంటే ఆగింది. పిల్లలిద్దరూ వెనక సీట్లో. మా చిన్నది ఏడుపు. ఆ లారీ డ్రైవరే దిగి, మరో ఇద్దర్ని పిలిచి కారుని పక్కకి తోయించాడు. ఆయనకి నేను కనీసం పేరడిగి దండం పెట్టలేకపోయాను, చేతులు అంత వణికాయి. ఈసారి ఆరు రోజులు ఉంచుకుని పెట్రోలు పంపు వారంటీలో మార్చారు. పై ఖర్చుల కింద 770 రాశారు. వారం తిరక్కుండా నాలుగోసారి!

నాలుగోసారి వెళ్లేసరికి మాట తీరు మారింది. "స్కానర్ పెట్టి చూశాం మేడమ్, ఏ కోడూ చూపించట్లేదు. టెస్ట్ డ్రైవ్ చేశాం, బండి బాగుంది. మీరు క్లచ్ సరిగ్గా వదలట్లేదేమో. లేడీస్‌కి మామూలే. ఒకసారి సార్‌ని పంపించండి, ఆయనకి వివరంగా చెప్తాం" అన్నాడు.

సార్‌కి అసలు డ్రైవింగే రాదు! క్లచ్ ఎడమ కాలి కిందుంటుందో కుడి కాలి కిందుంటుందో కూడా మా వారికి తెలీదు. ఆ మాట చెప్తే అడ్వైజర్ నవ్వాడు, నేనేదో జోకు వేశాననుకుని.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, ఒక మాట చెప్పాలి. వాళ్లన్నది నేను నమ్మేశాను. నా కాలే తప్పు చేస్తోందేమోనన్న అనుమానం పట్టుకుంది. రెండు వారాలు కారు తాళం ముట్టుకోలేదు. అత్తయ్యని బస్సులో కాకినాడ తీసుకెళ్లాను. తిరుగు బస్సులో సీటు దొరక్క ఆవిడ సామర్లకోట దాకా నిలబడింది. వాయిదా మాత్రం అయిదో తారీఖున ఠంచనుగా బ్యాంకులోంచి పోయింది.

మా అత్తయ్య ఐదో తరగతి చదివింది. ఒకరోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "అమ్మాయ్, ఇది నీ కాలి తప్పయితే పొద్దున పిల్లల్ని దింపేటప్పుడు ఎందుకు ఆగదే? అన్నిసార్లూ మిట్టమధ్యాహ్నమే ఆగిందిగా?" అంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. పాలు, కూరల లెక్కలు రాసే పుస్తకం తీసి వెనకనుంచి రాయడం మొదలుపెట్టాను. ఏ తారీఖు, ఎన్ని గంటలకి బయల్దేరాను, ఎంతసేపటికి ఆగింది, ఎంతసేపటికి మళ్లీ స్టార్టయింది. నాలుగుసార్లూ మధ్యాహ్నం పన్నెండుకీ మూడున్నరకీ మధ్యే. నాలుగుసార్లూ ఏసీ వేసుకుని ముప్పావుగంట పైన నడిపాకే. నాలుగుసార్లూ ఇంజను చల్లబడ్డాక దానంతటదే స్టార్టయింది. మరి షోరూమ్ వాళ్లు టెస్ట్ డ్రైవ్ ఎప్పుడు చేశారు? కారు ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ ఉన్న కిలోమీటర్లు కాగితాల మీద ఉంటాయి కదా. తీసి చూస్తే ఒకసారి 3, ఒకసారి 4! పొద్దున్నే పది నిమిషాలు తిప్పి బాగుందన్నారన్నమాట.

అదే సమయంలో జాబ్ కార్డులన్నీ వరసగా పేర్చి చదివాను. బండి అప్పగించగానే మన చేత సంతకం పెట్టించుకుని ఇచ్చే కాగితం అది. అందులో 'కస్టమర్ చెప్పిన ఫిర్యాదు' అని ఒక గడి ఉంటుంది. అసలు కథంతా ఆ గడిలోనే ఉందని అప్పుడు తెలిసింది. మొదటి కార్డులో 'పికప్ తక్కువ' అని ఉంది. రెండోదాంట్లో 'జనరల్ చెకప్'. మూడోదాంట్లో 'స్టార్టింగ్ ట్రబుల్'. నాలుగోదాంట్లో మళ్లీ 'జనరల్ చెకప్'. 'నడుస్తుండగా ఇంజను ఆగిపోతోంది' అన్న నా మాట నాలుగు కార్డుల్లో ఒక్కచోటా లేదు! నాలుగింటి కిందా నా సంతకం మాత్రం వంకర లేకుండా ఉంది. కథలు రాసుకునేదాన్ని, అచ్చులో ఒక్క దీర్ఘం పోతే సంపాదకులకి ఉత్తరం రాసేదాన్ని, నా సొంత గోడు చదవకుండా సంతకం పెట్టాను.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. బండి ఇచ్చిన మర్నాడు షోరూమ్ నుంచి ఓ అమ్మాయి ఫోన్ చేసి, కంపెనీ వాళ్లు అడిగితే పదికి పది మార్కులు వేయమని బతిమాలేది. "తొమ్మిది వేసినా మా మీదకే వస్తుంది మేడమ్" అనేది. మా మేనకోడలి వయసు ఉంటుంది. గొంతు విని జాలేసి రెండుసార్లు పది వేశాను. నాలుగోసారి నేను గొడవపడితే మేనేజరు అదే తీసి చూపించాడు. "మీరే పదికి పది ఇచ్చారు కదా మేడమ్!"

ఇక నోటిమాటలు మానేశాను. పుస్తకంలో రాసుకున్నదంతా ఒక ఉత్తరంగా రాశాను. షోరూమ్‌కీ, కంపెనీకీ మెయిల్ పంపి, అదే రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపి, రసీదులు దాచాను. తిట్లు రాయలేదు. తారీఖులు, గంటలు, కిలోమీటర్లు, కట్టిన డబ్బు మొత్తం 4,860, అంతే. చివర్న ఒకే ఒక్క కోరిక రాశాను. మధ్యాహ్నం రెండింటికి మీ మనిషి నా పక్కన కూర్చుని గంటసేపు రావాలి, కారు నేనే నడుపుతాను అని. ఆ రోజే 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరది. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు రాసుకుని నంబరిచ్చారు.

మా పక్కింటి లాయరు గారమ్మాయి కూర్చోబెట్టి చట్టం చెప్పింది. మనకి పనికొచ్చే సంగతులే కాబట్టి చెప్తాను. 1986 నాటి చట్టం బదులు వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు. జిల్లా కమిషన్ 50 లక్షల దాకా చెల్లించి కొన్నవాటి కేసులు వింటుంది. 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, మా కారు లాంటి వాటికి 200 రూపాయలే. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. రెండేళ్ల లోపు వెయ్యాలి. వస్తువులో లోపమే కాదు, రిపేరు సరిగ్గా చెయ్యకపోవడమూ సేవాలోపమే. అయితే బండి తయారీలోనే లోపముందని రుజువు చెయ్యాలంటే సాధారణంగా నిపుణుల నివేదిక కావాలట, అది తేలిక కాదు. "అందుకే ఆంటీ, మీ జాబ్ కార్డులు ఇలా ఉంటే కష్టమే" అంది ఆ పిల్ల. జనరల్ చెకప్‌కి నాలుగుసార్లు వచ్చిన కస్టమర్‌ని నేను, కాగితం ప్రకారం.

పది రోజులకి కంపెనీ నుంచి ఫోనొచ్చింది. జూన్ రెండో వారం. ఆ ఏడాది ఎండలకి బళ్లు తెరిచాక కూడా ఒంటిపూటే నడిపారు, గుర్తుందా? అలాంటి రోజున రెండు గంటలకి కంపెనీ మనిషి ముందు సీట్లో, షోరూమ్‌లో పనిచేసే పెద్ద మెకానిక్కు వెనక. "నేనూ వస్తా" అని మా అత్తయ్య కూడా ఎక్కేసింది, సాక్ష్యం చెప్పడానికి వెళ్తున్నట్టు. మళ్లీ కాలవ గట్టు రోడ్డే. జీవితంలో మొదటిసారి, నా కారు ఆగిపోవాలని దేవుడికి మొక్కుకున్నాను!

అనపర్తి దాటాం. ఆగలేదు. కంపెనీ మనిషి గడియారం చూసుకున్నాడు. నా గుండె జారిపోయింది. యాభై రెండో నిమిషంలో, సరిగ్గా అమ్మవారు పూనినట్టు, ఇంజను చప్పుడు ఠక్కున ఆగిపోయింది. "ఆగింది!" అని మా అత్తయ్య చప్పట్లు కొట్టింది.

మెకానిక్కు దిగి బానెట్ ఎత్తాడు. "అమ్మా, మంచినీళ్లున్నాయా?" అని సీసా అడిగి, గుడ్డ తడిపి ఇంజను పక్కనెక్కడో చెయ్యి దూర్చి కాసేపు అదిమి పట్టాడు. "ఇప్పుడు తిప్పండమ్మా." అందుకుంది! అరగంట ఆగకుండానే.

క్రాంక్ సెన్సారట. ఇంజను ఎంత తిరిగిందో కనిపెట్టి కంప్యూటరుకి చెప్పేది అదే. ఆ కబురు అందితేనే కంప్యూటరు పెట్రోలు పంపుతుంది, నిప్పురవ్వ పుట్టిస్తుంది. దాని లోపలి తీగ ఎక్కడో చిట్లితే, వేడికి ఎడమై కబురు ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ కలుస్తుంది. "చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఏం దొరుకుద్దమ్మా? మీరన్నట్టు మొదటిసారే కార్డులో 'వేడెక్కాక ఆగిపోతోంది' అని రాసుంటే నేను ముందు దీన్నే చూసేవోణ్ణి. మాకు కార్డే కదమ్మా వచ్చేది, మీరు రారు కదా" అన్నాడాయన. ఆయన మీద నాకు కోపం రాలేదు.

సెన్సారు గంటన్నరలో మార్చారు, వారంటీలోనే. క్షమించమన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. నా 4,860 గురించి అడిగితే "వచ్చే సర్వీసులో తగ్గిస్తాం" అన్నారు. ఒప్పుకోలేదు. మళ్లీ ఉత్తరం, మళ్లీ 1915. ఆగస్టులో 4,090 నా ఖాతాలో పడింది. మిగతా 770 దేనికో ఇప్పటికీ చెప్పలేదు. దాని కోసం కమిషన్ దాకా వెళ్దామా అంటే మా వారు దణ్ణం పెట్టారు.

తర్వాతి సర్వీసుకి వెళ్లినప్పుడు అదే అడ్వైజర్. నేను చెప్పింది చెప్పినట్టు టైపు చేయించి, చదివి, అప్పుడు సంతకం పెట్టాను. పావుగంట పట్టింది. వెనకాల లైన్లో ఉన్నాయన విసుక్కుంటూ, "త్వరగా కానివ్వండి మేడమ్" అన్నాడు. ఆయన కార్డు వంక చూశాను. 'జనరల్ చెకప్' అని ఉంది. "మీ బండికి ఏమయిందండీ?" అని అడిగాను. బ్రేకు సరిగ్గా పడట్లేదట.

కారు మళ్లీ ఎప్పుడూ ఆగలేదు. కానీ ఇప్పటికీ కాకినాడ వెళ్లేటప్పుడు మా అత్తయ్య రెండు సీసాల నీళ్లు, ఒక పాత తువ్వాలు, గొడుగు సర్దుకుని ఎక్కుతుంది. అనపర్తి దాకా ఊళ్లోవాళ్ల కబుర్లన్నీ చెప్పి, అక్కడ్నించి బిక్కవోలు దాటేదాకా నోరు మెదపదు.