కోపంతో వెళ్ళినవారు నిలుస్తారా?



సంతలో గొడవపడిన రైతు కోపంతో పక్క ఊరి సంతకు బండి మళ్ళిస్తాడు. అక్కడ సుంకం లేదు, మాటా మన భాషే. కానీ సరుకు కొనేవాళ్ళు పాత సంతలోనే ఉంటే ఏం చేస్తాడు? నాలుగు వారాలకు మళ్ళీ పాత దారే పడతాడు. సామాజిక మాధ్యమాల్లో జరిగేదీ ఇదే.

మనకు దగ్గరలోని బెంగళూరులో 2020లో అప్రమేయ రాధాకృష్ణ, మయాంక్ బిదావత్కా 'కూ' అనే వేదికను ప్రారంభించారు. పసుపు పిట్ట దాని గుర్తు. కన్నడంతో మొదలై తెలుగులోకీ వచ్చింది. 2021 ఫిబ్రవరిలో, రైతుల ఉద్యమం నాటి కొన్ని ఖాతాలను నిలిపివేసే విషయమై కేంద్ర ప్రభుత్వానికీ ట్విట్టర్‌కూ పేచీ వచ్చింది. పీయూష్ గోయల్ వంటి మంత్రులు 'కూ'లో చేరారు. గోయల్ ఆ సంగతి ఎక్కడ చాటారనుకున్నారు? ట్విట్టర్‌లోనే!

వారి వెంట ఎందరో వచ్చారు. కానీ మంత్రులు ట్విట్టర్‌ను వదలలేదు. వినేవారంతా అక్కడే ఉన్నారు మరి. చివరకు వేరే సంస్థలతో చర్చలు ఫలించక, ఖర్చు భరించలేక 2024 జూలైలో 'కూ' మూతపడింది.

మనల్ని కదిలించేది కోపమే కావచ్చు, నిలిపేది మాత్రం నలుగురి తోడు. అందుకని, మారదలిస్తే మీవాళ్ళందరితో కలిసి మారండి. అక్కడ తెలుగులో రాసుకున్నదానికి ఒక ప్రతి మీ దగ్గరా ఉంచుకోండి. అంగడి మూసినా మన అక్షరం మనకు మిగలాలి కదా!