పఠనము, శ్రవణము: క్రైస్తవ శాఖలలో బైబిలు పరిజ్ఞానము

కథోలికులకు బైబిలు తెలియదనియు, ఇతర క్రైస్తవులకు మాత్రమే తెలియుననియు ఒక అభిప్రాయము విద్యావంతులలో సైతము వ్యాప్తిలో నున్నది. ఇందు సత్యాంశము కొంత కలదు గాని, ఇది సంపూర్ణ సత్యము కాదు. 'తెలియుట' యనగా నేమి యను ప్రశ్నను ముందుగా వేసికొననిచో ఈ విషయమున న్యాయమైన నిర్ణయము చేయుట సాధ్యము కాదు. తెలుగు క్రైస్తవ వాఙ్మయమును పరిశోధించు విద్యార్థికి ఈ నిర్ణయము మిక్కిలి అవసరము.

మొదట గ్రంథస్వరూపమును గూర్చి చెప్పవలెను. ప్రొటెస్టెంటుల బైబిలులో 66 గ్రంథములును, కథోలికుల బైబిలులో 73 గ్రంథములును గలవు. క్రొత్త నిబంధనలోని 27 గ్రంథములు ఉభయులకు సమానమే. భేదమంతయు పాత నిబంధనలో నున్నది. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథము, సీరా జ్ఞానగ్రంథము, బారూకు, మక్కబీయుల గ్రంథములు రెండు అను నీ ఏడును, ఎస్తేరు, దానియేలు గ్రంథములందలి కొన్ని అధిక భాగములును కథోలికులకు ప్రమాణములు. 1546లో ట్రెంటు మహాసభ ఈ పట్టికను ధ్రువపఱచెను. కావున ఒక కథోలికుడు యూదితు కథను చెప్పగా, అది బైబిలులో లేదని ఒక ప్రొటెస్టెంటు పలికినచో, ఇరువురును తమ తమ గ్రంథములనుబట్టి సత్యమే పలికినవారగుదురు.

రెండవది నిషేధముయొక్క చరిత్ర. దేశభాషలలోని బైబిలును రోము ఎల్లకాలమును నిషేధించెననుట సరికాదు. లూథరు అనువదించిన క్రొత్త నిబంధన 1522లోను, సంపూర్ణ గ్రంథము 1534లోను వెలువడెను. అంతకు పూర్వమే, 1466లో, జర్మను భాషలో బైబిలు అచ్చుపడినది. సంస్కరణోద్యమమునకు పిమ్మటనే కట్టుబాటు బిగిసినది. 1564 నాటి నియమములనుబట్టి దేశభాషలోని బైబిలును చదువగోరు గృహస్థుడు మతాధికారుల వ్రాతపూర్వకమైన అనుమతిని పొందవలసి యుండెను. 1757లో ఈ నియమము సడలి, ఆమోదము పొందిన వ్యాఖ్యలతో గూడిన అనువాదములకు వీలు కలిగినది. ఈ కట్టుబాటునకు మూలము అర్థనిర్ణయాధికారమును గూర్చిన వివాదము. లేఖనమునకు అర్థము చెప్పు అధికారము సంఘమునకు గలదని రోము పక్షము. లేఖనమే పరమప్రమాణమని సంస్కర్తల పక్షము. రెండవ పక్షమున ప్రతి విశ్వాసియు చదువనేర్చుట ధర్మమైనది. మొదటి పక్షమున అది ఐచ్ఛికమై నిలిచినది.

అయినను చదువనివానికి ఏమియు తెలియదనరాదు. మన దేశమున వాల్మీకి శ్లోక మొక్కటియైన చదువనివారు రామకథను పురాణశ్రవణము వలనను, హరికథల వలనను, తోలుబొమ్మలాటల వలనను సమగ్రముగా ఎఱిగియుండుట మన మెఱిగినదే. కాండమును, సర్గను పేర్కొనజాలనంత మాత్రమున వారిని అజ్ఞులనగలమా? కథోలికుల స్థితియు ఇట్టిదే. పండుగలు, చిత్రపటములు, జపమాలలోని ధ్యానాంశములు, సిలువమార్గము వారికి క్రీస్తు చరిత్రను క్రమము తప్పక బోధించినవి. గోవా ప్రాంతమున థామస్ స్టీఫెన్స్ రచించిన 'క్రిస్తపురాణము' (1616), తమిళమున బెస్కీ రచించిన 'తేంబావణి' (1726) ఈ శ్రవణసంప్రదాయమునకు చెందిన కావ్యములు. తెలుగున మంగళగిరి ఆనందకవి తన 'వేదాంత రసాయనము'లో క్రీస్తు చరిత్రను ప్రబంధఫక్కిని చెప్పెను. అధ్యాయ విభాగము 13వ శతాబ్ది నాటిది. క్రొత్త నిబంధనకు నేడు వాడుకలో నున్న వచన సంఖ్యలను రాబర్ట్ ఎస్తియెన్ 1551లో ఏర్పఱచెను. అనగా వచనసంఖ్యతో ఉదాహరించు అలవాటు ముద్రణయుగమునకు చెందినది. దానినే పరిజ్ఞానమునకు ఏకైక ప్రమాణముగా గ్రహించుట తగదు.

శ్రవణమునకు గల లోపమును కూడ చెప్పవలెను. వినువాడు ఇతరులు ఎంచిన భాగములనే వినును. 1570 నాటి పూజాగ్రంథముననుసరించి ఆదివారములందు ఒక పత్రికభాగమును, ఒక సువిశేషభాగమును లాటిను భాషలో చదువుచుండిరి. ఏటేట అవియే తిరిగి వచ్చుచుండెను. ఇందువలన ప్రవక్తల గ్రంథములు సామాన్యునకు దూరమైనవి. ఇక వచనములను కంఠస్థము చేయు పద్ధతికిని లోపము గలదు. సందర్భమునుండి విడదీసిన వచనము తఱచు చదువరి అభిమతమునకే సాక్ష్యము పలుకును.

తెలుగునాట 1805లో లండను మిషనువారైన క్రాన్, దే గ్రాంజిలు విశాఖపట్టణమునకు వచ్చి ఆనందరాయరు సాహాయ్యమున అనువాదమునకు పూనిరి. 1812లో శ్రీరామపురమున మూడు సువార్తలు అచ్చుపడినవి. సంపూర్ణమైన బైబిలు 1854లో వెలువడెను. కాని 19వ శతాబ్దిలో ప్రొటెస్టెంటు సంఘములలో చేరినవారిలో అక్షరాస్యులు స్వల్పసంఖ్యాకులు. ఉపదేశకులును, ఇల్లిల్లు తిరిగి చదివి వినిపించు బైబిలు స్త్రీలును వారికి ఆధారము. కావున పఠనసంప్రదాయముగా పేరొందినదియు ఇచ్చట చాలవఱకు శ్రవణముచేతనే వ్యాపించినది. ఉభయుల భేదము పరిభాషలో నేటికిని నిలిచియున్నది. ఒకరు 'సువార్త' యన, వేఱొకరు 'సువిశేషము' అందురు. ఒకరిది 'పరిశుద్ధ గ్రంథము', వేఱొకరిది 'పవిత్ర గ్రంథము'. ఒక్క పదమును చూచియే రచయిత ఏ శాఖవాడో తఱచు ఊహింపవచ్చును.

20వ శతాబ్దిలో కథోలికుల పద్ధతి మాఱినది. మూలభాషలనుండి బైబిలును పరిశీలించుటను 1943లో 12వ పియసు ప్రోత్సహించెను. 1965లో రెండవ వాటికను మహాసభ విశ్వాసులందఱకు లేఖనము సులభముగా అందవలెనని ప్రకటించెను. 1969 నాటి నూతన పఠనక్రమమున ఆదివారములకు మూడేండ్ల ఆవృత్తియు, దినమునకు మూడు పఠనములును ఏర్పడినవి. ఈ క్రమమును ఆధారము చేసికొనియే 1992లో పలు ప్రొటెస్టెంటు శాఖలకు ఉమ్మడి పఠనక్రమము సిద్ధమైనది. బోధించువారును నేర్చువారును ఇచ్చట స్థానములు మార్చుకొనిరి.

అవకాశము కలిగినంతనే పరిజ్ఞానము కలుగదు. 2010లో ప్యూ పరిశోధన సంస్థ అమెరికాలో మతవిషయములపై 32 ప్రశ్నలతో సర్వే జరిపెను. అందు నాస్తికులు, అజ్ఞేయవాదులు సగటున 20.9 ప్రశ్నలకు సరియైన సమాధానము లిచ్చి అగ్రస్థానమున నిలిచిరి. రొట్టె, ద్రాక్షారసము క్రీస్తు శరీరరక్తములుగా మాఱునన్నదే తమ సంఘబోధ యని కథోలికులలో నూటికి 45 మంది ఎఱుగరు. ప్రొటెస్టెంటులలో నూటికి 53 మంది లూథరును గుర్తింపలేకపోయిరి. ఈ అంకెలను తెలుగునాటికి అన్వయింపరాదు. కాని అజ్ఞానము ఏ యొక్క శాఖకును పరిమితము కాదని ఇవి నిరూపించుచున్నవి.

కావున ఈ విషయమును పరిశోధించువారు మూడంశములను వేర్వేఱుగా పరిశీలింపవలెనని మా అభిప్రాయము: గ్రంథమును స్వయముగా చదువుట, కథను జ్ఞాపకముంచుకొనుట, సందర్భముతో అర్థము చేసికొనుట. మొదటి దానిని మాత్రమే కొలిచినచో అక్షరాస్యతను కొలిచినట్లగును గాని, లేఖన పరిజ్ఞానమును కొలిచినట్లు కాదు. ఉభయ శాఖల పాటలును, ప్రసంగములును, బోధిని గ్రంథములును ఈ మూడింటిని దృష్టియం దుంచుకొని పరిశీలింపబడవలసి యున్నవి.